లారీ ఎక్కే హిమాలయం

“ఆ మంచుకొండ మీద పిల్ల జారిపడితే, ఎక్కడ పడిందో వెతికేది ఎవరండీ?”

నేనీ మాట అడిగేనాటికి ఇంకా ఏమీ జరగలేదు. పిల్ల మంచుకొండ ఎక్కలేదు సరికదా, ఊరి పొలిమేర కూడా దాటలేదు. ప్రిన్సిపాల్ గారి గదిలో నా పక్కనే నిలబడి ఉంది. ఎంపికైన సంతోషంతో మొహం వెలిగిపోతోంది. నేను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ కూడా అప్పటికింకా సరిగ్గా కుదురుకోలేదు. అయినా అడిగాను. నా తీరే అంత. పాలు పొయ్యి మీద పెట్టకముందే గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడతాను.

మాది పల్నాటిలో సున్నం బట్టీల ఊరు. వేసవిలో మా ఊరి ఎండ గురించి పేపర్లో వేస్తారు. మిగతా కాలాల్లో మా ఊరి గురించి ఏమీ వేయరు. ఆ ఊళ్ళో ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఒకటి. అందులో మా అమ్మాయి ప్రశాంతి రెండో సంవత్సరం. ప్రతి ఏడూ పైనున్నవాళ్ళకు ఏదో ఒకదాని మీద మనసు పుడుతుంది. పోయినేడు చేతులు కడుక్కోవడం మీద పుట్టింది, అంతకు ముందేడు నవ్వడం మీద. ఈ ఏడు సాహసం మీద పుట్టింది. జిల్లాకొక ఆడపిల్ల చొప్పున చలికాలంలో హిమాలయాలకు తీసుకెళ్ళి, స్కీయింగ్ చేయిస్తూ మంచు శిఖరాల ఫొటోలు తీయిస్తారట. నిలబడి తీస్తే చెల్లదట. నిలబడి తీసేది ఫొటో మాత్రమేనట, సాహసం కాదట.

స్కీయింగ్ అంటే నాకప్పటికి తెలియదు. కాళ్ళకు పొడుగాటి చెక్కలు బిగించుకుని, చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, మంచు మీద పైనుంచి కిందికి జారడమని మా అమ్మాయి చెప్పింది. బాత్రూములో నాచు పడితే జారిపోతామని నేను వారం వారం గచ్చు రుద్ది చస్తుంటే, జారడానికని రైలెక్కి పోయేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట.

మా అమ్మాయి సెలవుల్లో పెళ్ళి ఫొటోల స్టూడియోలో పనిచేసి ఒక పాత కెమెరా సంపాదించుకుంది. బట్టీలో రాయి మోసే ఒకామె కనురెప్పల మీద పేరుకున్న తెల్లపొడిని ఫొటో తీసి పోటీకి పంపింది. పైవాళ్ళు అది సున్నమని తెలిసి ఎంపిక చేశారో, మంచనుకుని ఎంపిక చేశారో నాకు తెలియదు. ఎంపిక మాత్రం చేశారు.

నా ప్రశ్న విని ప్రిన్సిపాల్ పరంధామయ్య గారు కుర్చీలోంచి లేచారు. కోప్పడతారేమోనని నేనూ లేచాను.

“అమ్మా, కూర్చోండి. మీరిప్పుడన్నది దయచేసి మరొక్కసారి అనండి.”

“ఏదండీ, జారిపడితేనా?”

“అదే. అరుణకుమారి మేడమ్, వ్రాసుకోండి!” అని హోమ్ సైన్స్ మేడమ్‌ను కేకేశారు.

ఆయన ఇబ్బంది నాకు తరవాత అర్థమైంది. యాత్రకు ముందే సంభవించగల ప్రతి ప్రమాదాన్నీ గుర్తించి, ప్రతిదానికీ విధిగా నివారణ చర్య చేపట్టవలెనని పైనుంచి ఉత్తర్వు. పాపం, ఆయనకు ఒక్క ప్రమాదం కూడా తట్టలేదు. అంత సర్వీసులోనూ ఆయనెరిగిన ప్రమాదం ఆడిట్ ఒక్కటే. దానికి హిమాలయాలతో సంబంధం లేదు. సరిగ్గా అలాంటి సమయంలో నేను గదిలోకి వెళ్ళాను.

“ఇందుకు వేసే ఉపసంఘంలో విద్యార్థిని తల్లిదండ్రులలో ఒకరు ఉండి తీరాలి. మీ వంటి ముందుచూపు గల మాతృమూర్తి లభించడం సంస్థ అదృష్టం,” అన్నారు. “మిమ్మల్ని ఆందోళన సభ్యురాలిగా నియమిస్తున్నాం.”

ఇంట్లో నా భయాలకు ఇన్నాళ్ళూ ‘ఊరుకోవే’ అన్నదొక్కటే జవాబు. ఇక్కడ టీ ఇప్పించి మరీ అడుగుతున్నారు. నేను ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని. నా మాటను ఒక లెక్చరర్ వ్రాసుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కాదనలేకపోయాను.

దారి పొడుగునా ప్రశాంతి విసుక్కుంటూనే ఉంది.

“సంతకం పెట్టి రమ్మంటే పదవి తెచ్చుకున్నావు గదమ్మా!”

“పెట్టబోతన్నానే. మజ్జలో నోరు తెరుచుకుంది. నేనేం చేసేది?”

“నోరు కూడా నీదే గదా!”

మా ఆయన డస్టు లారీ డ్రైవరు. క్రషర్ల దగ్గర రాయి పిండి కొట్టాక మిగిలే తెల్లపొడిని మా దగ్గర డస్టంటారు. సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని రాగానే సంగతంతా విన్నాడు.

“మొత్తానికి నీకంటే పిరికోళ్ళు దొరికారన్నమాట,” అన్నాడు.

“నవ్వు. నువ్వు లారీ ఎక్కేటప్పుడల్లా బ్రేకులు చూసుకున్నావా అని అడుగుతా గదా, ఒక్కనాడన్నా నాకు టీ ఇచ్చావా?”

“టీ ఇస్తే ఇంకా అడుగుతావు గదే.”

ప్రశాంతి కెమెరా అద్దం తుడుచుకుంటూ కూర్చుంది. కాసేపటికి దాని కోపం తగ్గింది. “అమ్మా, పుట్టినకాడి నుంచీ తెల్లగా ఏది కనపడ్డా చెయ్యి పెడితే డస్టే. ఒక్కసారి, చెయ్యి పెడితే చల్లగా తగిలే తెలుపు కావాలి నాకు. అది ఫొటో తీసుకుని వచ్చేస్తా. ఆ తరవాత నువ్వు ఎట్టా చెప్తే అట్టా వింటా.”

“చల్లగా తగిలితే జలుబు చేస్తది,” అన్నాను.

మొదటి సమావేశం ప్రిన్సిపాల్ గారి గదిలోనే జరిగింది. ఆయన, అరుణకుమారి మేడమ్, ఆటలు నేర్పే పీడీ సాంబిరెడ్డి సార్, నేను. నా ముందు ‘ఆందోళన సభ్యురాలు’ అని అట్టముక్క పెట్టారు. ప్రశాంతిని విద్యార్థిని కనుక మూలన నిలబెట్టారు.

“ప్రథమ ఆందోళన: జారిపడుట,” అని ప్రిన్సిపాల్ గారు చదివారు.

“స్కీయింగ్ అంటేనే జారడం గదా సార్,” అన్నాడు పీడీ సార్.

“జారడం వేరు, జారిపడటం వేరు సాంబిరెడ్డి గారూ. మొదటిది కార్యక్రమం. రెండవది సంఘటన. కార్యక్రమానికి మనం అనుకూలం. సంఘటనకు వ్యతిరేకం.”

నివారణ చర్యగా పిల్ల నడుముకు తాడు కట్టాలని తీర్మానించారు. తాడు రెండో కొస పిల్లతో తోడు వెళ్ళే అరుణకుమారి మేడమ్ నడుముకు కట్టాలన్నారు.

“నాకు బీపీ సార్! పిల్ల జారితే తాడుతో పాటు నేనూ జారతా,” అంది మేడమ్.

అది ద్వితీయ ఆందోళనగా నమోదైంది. నివారణకు మేడమ్‌ను పీడీ సార్‌కు కట్టాలన్నారు. మరి పీడీ సార్‌ను దేనికి కట్టాలన్నది ప్రశ్న. అందరూ ప్రిన్సిపాల్ గారి వంక చూశారు.

“నేను సంస్థాధిపతిని. నన్ను కట్టడమంటే సంస్థను కట్టడమే. అందుకు పై అనుమతి అవసరం. కదలనిది ఏదైనా ఆలోచించండి.”

ఆ ఆఫీసులో కదలనివి చాలానే ఉన్నాయి కానీ, వాటిలో చాలావాటికి జీతం వస్తోంది. నేనే నోరు తెరిచాను.

“లోడెత్తిన లారీ అయితే ఏనుగు గుంజినా కదలదండీ.”

“అమోఘం!” అన్నారు ప్రిన్సిపాల్ గారు. తాడు కొస లారీకి కట్టవలెనని వ్రాశారు. ఆపైన మానవ సహజంగా నాకు బ్రేకులు గుర్తొచ్చాయి. బ్రేకులు వదిలితే పిల్లా మేడమూ పీడీ సారూ లారీతో సహా పోతారు గదా అన్నాను. చక్రాల కింద రాళ్ళు, సీట్లో ఎల్లవేళలా డ్రైవరు ఉండవలెనని దానికింద వ్రాశారు. మూలనున్న ప్రశాంతి కళ్ళు పెద్దవి చేసి నా వంకే చూస్తోంది. నేను టీ తాగాను.

రెండోసారి నా భయం చలి. మా ఊళ్ళో పుట్టిన పిల్లకు ఫ్యాను జోరుగా తిరిగితేనే దుప్పటి కావాలి. అక్కడ ఎట్టా తట్టుకుంటుందన్నాను. ముందస్తుగా చలికి అలవాటు చేయవలెనని తీర్మానం. మా జిల్లాలో ఎండాకాలం కూడా వణుకు పుట్టించే చోటు ఒక్కటే, మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. పిల్లను తీసుకెళ్ళి మిర్చి బస్తాల మధ్య స్టూలేసి కూర్చోబెట్టారు. వెంట అరుణకుమారి మేడమ్ పరిశీలకురాలు.

లోపలికెళ్ళిన కాసేపటికే ఇద్దరూ తుమ్మడం మొదలుపెట్టారు. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కులు కారాయి, గొంతులు మండాయి. బయటికొచ్చి మేడమ్ మూడు పేజీల నివేదిక ఇచ్చింది. అతి శీతల వాతావరణంలో తుమ్ములు, కళ్ళమంట, గొంతులో ఘాటు అనివార్యమని అందులో ఉంది.

“అది మిర్చి ఘాటు మేడమ్!” అంది ప్రశాంతి ముక్కు తుడుచుకుంటూ.

“నివేదిక హిమాలయాల గురించమ్మా. హిమాలయాల్లో మిర్చి ఉండదు కదా, దాన్ని ఇందులో ఎలా పెడతాం?” అని ప్రిన్సిపాల్ గారు ఓపికగా వివరించారు. కాబట్టి మంచులో కళ్ళు మండకుండా కళ్ళద్దాలు, ముక్కుకు మూడు మడతల గుడ్డ, జేబులో పటికబెల్లం తప్పనిసరి అయ్యాయి.

తరవాత శిక్షణ. మంచు లేని లోటు డస్టు గుట్ట తీర్చింది. ఊరి బయట క్రషర్ల పక్కన ఏళ్ళ తరబడి పోసిన డస్టు, కొండంత గుట్టయింది, దూరం నుంచి చూస్తే తెల్లగా మెరుస్తుంది. వడ్రంగి రెండు టేకు చెక్కలు చెక్కి, ముందు కొసలు వంచబోయి విరగ్గొట్టి, మళ్ళీ రెండు చెక్కి ఇచ్చాడు. పీడీ సార్ ఫోనులో వీడియోలు చూసి స్కీయింగ్ నేర్చుకున్నాడు. కానీ ఆయన ఒంట్లో ఉన్నది కబడ్డీ.

మంచులో కూరుకుపోతే పిల్లకు ఊపిరాడుతోందో లేదో బయటున్నవాళ్ళకు ఎట్టా తెలుస్తుందని నేను అడిగి ఉన్నాను. దానికి పీడీ సార్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“కూత పెట్టమందాం. కూత వినపడతన్నంతసేపూ ఊపిరున్నట్టే లెక్క.”

కాబట్టి మా అమ్మాయి కోతి టోపీ, పైన హెల్మెట్, కళ్ళద్దాలు, మూతికి గుడ్డ, రెండు స్వెట్టర్లు వేసుకుని, నడుముకు తాడుతో, తాడు చివర మా ఆయన లారీతో, ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ డస్టు గుట్ట మీద నుంచి జారేది. జారేదంటే, అడుగు దూరం జారి డస్టులో దిగబడేది. గుడ్డలోంచి కూత మూలుగులా వినపడేది.

“కూత వదలొద్దు! వదిలావా అవుటైపోతావు!” అని కింద నుంచి పీడీ సార్.

లారీ సీట్లో కూర్చున్న మా ఆయన తల బయటపెట్టి, “ఏమేవ్, ఆందోళన సభ్యురాలా! ఇంకా ఎంతసేపు కూర్చోవాల?” అని అరిచాడు.

“బ్రేకు మీద కాలుందా?” అన్నాను.

కెమెరా సంగతి ఆ రోజే వచ్చింది. చేతిలో కెమెరా ఉంటే కర్ర వదిలేస్తుంది, కర్ర వదిలితే పడుతుంది, పడినప్పుడు కెమెరా మూతికి తగిలితే ముందుపళ్ళు పోతాయి. ఇంత మాత్రమే నేనన్నాను. సాయంత్రానికి నిబంధన తయారైంది. రెండు చేతులూ ఎప్పుడూ కర్రల మీదనే ఉండాలి. కెమెరాను గుండెలకు కట్టేయాలి. జారే సమయంలో అద్దం పగిలి గుచ్చుకోకుండా దానికి మూత పెట్టే ఉంచాలి.

“మూత పెట్టి ఫొటో ఎట్టా తీయాల సార్?” అంది ప్రశాంతి.

“జాగ్రత్తగా తీయాలి,” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

“ఆగినప్పుడు మూత తీసుకుంటా సార్, పోనీ.”

“ఆగి తీసినవి చెల్లవమ్మా. స్కీయింగ్ చేస్తూ తీయవలెనన్నది యాత్ర మౌలిక స్ఫూర్తి. స్ఫూర్తిని మనం ముట్టుకోలేం. మూతను కూడా ముట్టుకోలేం.”

పిల్ల నా వైపు తిరిగింది. ఏమన్నా అంటానేమోనని చూసింది. నేనేమంటాను? పళ్ళు పళ్ళే గదా.

పైకి పంపాల్సిన తుది నివేదికను ప్రిన్సిపాల్ గారే స్వయంగా రాశారు. నిలబడి చదివారు. “స్కీయింగ్ చేయు విద్యార్థినిని లారీకి కట్టవలెనని ఉపసంఘం ఇదివరకే తీర్మానించి ఉన్నది. కనుక లారీ చేరగలిగిన స్థలమందే స్కీయింగ్ సురక్షితము. మంచు శిఖరములపైకి లారీ చేరజాలదు. కనుక మంచు లేని స్థలమే స్కీయింగ్‌కు శ్రేయస్కరము. మన పట్టణమున మంచు లేదు. ఈ దృష్ట్యా దేశమున మిక్కిలి సురక్షితమగు స్కీయింగ్ స్థలములలో మన డస్టు గుట్ట ఒకటి. కావున విద్యార్థినిని దూరప్రాంతమునకు పంపనవసరము లేకుండ, స్థానిక హిమయాత్రను ఇచ్చటనే నిర్వహించి, యాత్ర ముగిసినట్టు పరిగణించవచ్చును.”

పీడీ సార్ చప్పట్లు కొట్టాడు. రైల్లో వెళ్ళే పని తప్పిందని అరుణకుమారి మేడమ్ దణ్ణం పెట్టుకుంది. నేను మూల వైపు చూశాను. మూల ఖాళీగా ఉంది. పిల్ల ఎప్పుడు బయటికెళ్ళిందో ఎవరూ చూడలేదు.

ఆ రోజు నుంచి ప్రశాంతి నాతో మాటలు మానేసింది. అరవదు, ఏడవదు, తలుపులు దభాలున వేయదు. అలాంటివి చేస్తే నాకు సమాధానం చెప్పడం వచ్చు. అన్నం తిన్నావా అంటే తల ఊపుతుంది. పెరుగేయనా అంటే తల అడ్డంగా ఊపుతుంది. కెమెరా సంచిలో పెట్టి బీరువా పైకి ఎక్కించింది. మిగతా జిల్లాల పిల్లలందరికీ కలిపి ఫోనులో ఒక వాట్సాప్ గ్రూపు ఉందట. అందులో ఒకమ్మాయి కొత్త బూట్ల ఫొటో పెట్టింది. ఇంకో అమ్మాయి సర్దిన సూట్‌కేసు మీద ఎక్కి కూర్చుని ఫొటో దిగింది, జిప్పు పట్టక. మా పిల్ల వాటిని ఒక్కొక్కటే చూస్తుంది, ఏమీ పెట్టదు.

“ఆ పిల్లల తల్లులకు భయాలుండవా?” అన్నాను దాని పక్కన చేరి.

ఫోను బోర్లించింది.

“ఉండే ఉంటాయి. ఆళ్ళ కాలేజీలోళ్ళు తల్లుల్ని గేటు దాటనిచ్చుండరు,” అన్నాడు మా ఆయన.

నాకు అన్నం సయించలేదు. పొద్దున్నే కాలేజీకి వెళ్ళి, ప్రిన్సిపాల్ గారికి దణ్ణం పెట్టి, “నేను చెప్పిన భయాలన్నీ వాపసు తీసుకుంటానండి. పిల్లను పంపండి,” అన్నాను.

ఆయన చిన్నపిల్లను చూసినట్టు నన్ను చూశారు. “అమ్మా, ఆందోళన ఒకసారి నమోదయ్యాక అది మీది కాదు. సంస్థది. మీరు వ్యక్తిగతంగా ధైర్యం తెచ్చుకున్నా సంస్థ భయపడుతూనే ఉండాలి.”

“అట్టయితే ఎట్టాగండీ? ఏదన్నా దారి చెప్పండి.”

“తీసివేతలకు అవకాశం లేదు. చేర్పులకే అవకాశం. ప్రాంతీయ అధికారిణి గారు వచ్చి మీ నోటితో ఇక ఆందోళనలు లేవని వినే వరకు చేర్చవచ్చు. లేవని మీరనగానే నివేదిక ఆమోదం పొందుతుంది,” అని, గొంతు తగ్గించి, “ఇన్నాళ్ళూ చాలా చెప్పారు. ఆ రోజు మాత్రం లేవనండి చాలు,” అన్నారు.

పిల్లలు రైలెక్కే ముందురోజే మా స్థానిక హిమయాత్ర పెట్టారు. డస్టు గుట్ట వెనకాల గుట్టంత ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద హిమాలయాలు. హిమాలయాల కంటే పెద్దగా పరంధామయ్య గారు చెయ్యి ఊపుతూ ఉన్నారు. పక్కనే అధికారిణి గారు దణ్ణం పెడుతున్నారు, కింద సందు మిగిలిన చోట ఒక శిఖరం. ఆ శిఖరం మీద గుండ్రటి చట్రంలో నేను, బిక్కమొహంతో, ‘ఆందోళన సభ్యురాలు’ అన్న అక్షరాలతో. మొత్తం ఫ్లెక్సీలో లేనిది మా ప్రశాంతి ఒక్కతే.

అధికారిణి గారు వచ్చారు. శాలువాలు కప్పారు. ‘మంచు లేదన్న సాకుతో వెనుకంజ వేయని పట్టణం’ అని ప్రిన్సిపాల్ గారు మాట్లాడారు. పీడీ సార్ ఈల వేశాడు. లారీ చక్రాల కింద రాళ్ళు సరిచూశారు. మా పిల్లను గుట్ట మీద నిలబెట్టి మేడమ్‌కూ, మేడమ్‌ను సార్‌కూ, సార్‌ను లారీకీ కట్టారు.

కూత వినపడలేదు.

“కూతేదీ! కూత!” అని పీడీ సార్.

పిల్ల నోరు తెరవలేదు. చెక్కలు ముందుకు నెట్టింది. డస్టు జారి ఒక్కసారిగా నాలుగు బారలు కిందికొచ్చింది. తాడు బిగిసి మేడమ్ కూలబడింది, మేడమ్ బరువుకు సార్ కూలబడ్డాడు. లారీ కదలలేదు. చుట్టూ తెల్లగా లేచిన దుమ్ములో అందరూ చప్పట్లు కొట్టారు. దుమ్ము అణిగాక చూస్తే పిల్ల ఫ్లెక్సీ వైపు తిరిగి మోకాళ్ళ మీద ఉంది. కర్రలు రెండు చేతుల్లోనే ఉన్నాయి. నిబంధన ప్రకారం వేలు చాచి గుండెల మీది కెమెరాను నొక్కుతోంది. మూత ఉంది. నొక్కుతూనే ఉంది.

కెమెరా తెచ్చి అధికారిణి గారికి చూపించారు. ఫొటోలన్నీ నల్లగా ఉన్నాయి.

“ఇది...?” అన్నారామె.

“రాత్రివేళ హిమాలయాలు మేడమ్,” అన్నారు ప్రిన్సిపాల్ గారు. “సహజత్వం చెడకుండా తీసింది.”

ఆమె ఇంకోసారి చూసి, “చాలా ప్రశాంతంగా ఉన్నాయి,” అన్నారు.

పందిట్లో కుర్చీలు వేసి ముగింపు సమావేశం పెట్టారు. వెనక వరసలో ప్రశాంతి, మొహం నిండా డస్టు. తుడుచుకోలేదు. కనురెప్పల మీద కూడా తెల్లగా పేరుకుంది. మా ఆయన దాని పక్కన లారీ తుడిచే గుడ్డ పట్టుకుని, ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నాడు.

“నివేదిక సమగ్రంగా ఉంది. యాత్ర ముగిసినట్టే పరిగణిస్తాం,” అన్నారు అధికారిణి గారు. “నియమం ప్రకారం చివరిగా అడగాలి. ఆందోళన సభ్యురాలికి ఇంకా ఏమైనా ఆందోళనలున్నాయా?”

ప్రిన్సిపాల్ గారు నా వైపు తిరిగి, ‘లేవు’ అన్నట్టు పెదాలు కదిపారు. ఆ పక్కన వడలు పళ్ళేల్లో సర్దుతున్నారు.

“ఉందండి,” అన్నాను.

ప్రిన్సిపాల్ గారి చెయ్యి శాలువా మీద ఆగిపోయింది.

“చెప్పండి.”

నిలబడ్డాను. రైలు, మత్తు బిస్కెట్లు, లోయలు, పిల్ల కాళ్ళు, పిల్ల పళ్ళు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. ఒక్కటీ పోలేదు. అవన్నీ అక్కడే ఉండగానే చెప్పాను.

“మా పిల్ల ఎల్లకుండా ఇక్కడే ఉండిపోద్దేమోనని భయంగా ఉందండి.”

పందిట్లో ఎవరో దగ్గారు. అధికారిణి గారు కళ్ళజోడు తీశారు. “ఇది నిజమైన ఆందోళనేనా?”

“మిగతావాటికన్నా నిజమండి. అయ్యన్నీ ఊహించుకుని చెప్పాను. ఇది మా ఇంట్లో చూసి చెప్తన్నా.”

ప్రిన్సిపాల్ గారు లేచి, “మేడమ్, ఇది ఒక తల్లి భావోద్వేగం...” అన్నారు.

“కూర్చోండి. అరుణకుమారి గారూ, నమోదు చేశారా?”

“చేశాను మేడమ్,” అంది హోమ్ సైన్స్ మేడమ్. అలవాటు కొద్దీ అప్పటికే వ్రాసేసింది.

“అయితే ప్రతి ఆందోళనకూ విధిగా నివారణ చర్య ఉండాలి. అది లేకుండా నేను సంతకం చేస్తే రేపు నన్ను అడుగుతారు.” ఆమె బల్ల చుట్టూ చూశారు. “వెళ్ళకుండా ఉండిపోవడాన్ని నివారించే చర్య ఏమిటి?”

ప్రిన్సిపాల్ గారు పీడీ సార్ వంక చూశారు. పీడీ సార్ మేడమ్ వంక చూశాడు. మేడమ్ కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. పందిరి గుడ్డ గాలికి పటపట కొట్టుకుంది. వడలు చల్లారిపోతున్నాయి. నేను వెనక్కి తిరిగి చూడటానికి భయపడి ముందుకే చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

వెనక వరసలో కుర్చీ కదిలింది.

“రేపు రైలెక్కి ఎల్లొస్తాలే అమ్మా,” అంది ప్రశాంతి.